నల్ల త్రికోణం: సాక్సెన్‌హౌసెన్ క్యాంపులో మేం చూసింది



పోయిన నెల మేం నలుగురం బెర్లిన్ దగ్గరి సాక్సెన్‌హౌసెన్ కాన్సంట్రేషన్ క్యాంపు చూసొచ్చాం. అప్పటి నుంచి "అక్కడ చూడడానికి ఏముంటుంది?" అని చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చొని రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా నలుగురిలో ఇద్దరం లంబాడీ, ఒకరు కోయ, ఒక తమ్ముడు ఎరుకల. అందరం స్కాలర్‌షిప్ మీద ఇక్కడికి చదువుకోడానికి వచ్చినవాళ్లమే. హిట్లర్ గురించి మాకు తెలిసింది హైస్కూల్ సోషల్ పుస్తకంలో ఉన్నంతే. యూదులను అరవై లక్షల మందిని చంపాడు, గ్యాస్ గదులు కట్టాడు, యుద్ధంలో ఓడిపోయాడు. అందులో తప్పేం లేదు. కానీ ఆ క్యాంపులో మా తమ్ముడి ఇంటి కథకు దగ్గరగా ఉండే కథ ఒకటి మాకు ఎదురవుతుందని అనుకోలేదు.

బెర్లిన్ నుంచి ఎస్-1 లోకల్ రైలు ఎక్కితే ముప్పావు గంటలో ఒరానియెన్‌బుర్గ్ వస్తుంది. అది చివరి స్టేషన్. అక్కడి నుంచి గైడ్ మమ్మల్ని నడిపించుకుంటూ తీసుకెళ్లింది. ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా మామూలు ఇళ్లు, పూల కుండీలు, సైకిళ్ల మీద పిల్లలు. గైడ్ ఒక పెద్దావిడ. మధ్యలో ఆగి, ఖైదీలను కూడా ఇట్లాగే స్టేషన్ నుంచి ఊరి మధ్యలోంచి నడిపించేవాళ్లని చెప్పింది. అంటే ఊరు చూసింది. రహస్యంగా అడవిలో కట్టిన జైలు కాదది. గోడను ఆనుకునే ఇళ్లున్నాయి, ఇప్పటికీ అందులో జనం ఉంటున్నారు.

క్యాంపు కట్టింది 1936 ఎండాకాలంలో. కట్టిందీ ఖైదీలే, వేరే క్యాంపుల నుంచి తెచ్చి వాళ్లతోనే చెట్లు కొట్టించారు. అదే ఆగస్టులో బెర్లిన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ప్రపంచమంతా స్టేడియంలో కూర్చొని చప్పట్లు కొడుతున్న రోజుల్లో, అక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో ఈ పని నడుస్తోంది. 1936 నుంచి 1945 దాకా రెండు లక్షల మందికి పైగా మనుషులను ఇక్కడ బంధించారు. పదుల వేల మంది చచ్చిపోయారు. ఆకలి, రోగం, పని, దెబ్బలు, తుపాకీ.

క్యాంపు ఆకారం త్రికోణం. ఆ త్రికోణం అడుగు గీత మధ్యలో పెద్ద ద్వారం, దాని పైన కాపలా గది. ద్వారం ముందు అర్ధచంద్రాకారంలో హాజరు మైదానం, దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు బారకులు. ద్వారం పైన ఒక్క మెషిన్‌గన్ పెట్టి కూర్చుంటే క్యాంపు మొత్తం దాని కిందికి వస్తుంది. గీసిన ఆర్కిటెక్టు ఇదొక ఆదర్శ క్యాంపు అవుతుందని గొప్పగా అనుకున్నాడట. ఇప్పుడు చాలా బారకులు లేవు, అవి ఉన్న చోట్లు మాత్రం గుర్తులు పెట్టి ఉంచారు. ఇనుప గేటు మీద "పని స్వేచ్ఛనిస్తుంది" అని జర్మన్‌లో అక్షరాలున్నాయి. అందరూ అక్కడ ఫోటో తీసుకుంటున్నారు. మేం కూడా తీసుకున్నాం, తర్వాత ఎందుకో సిగ్గనిపించింది.

మనకు హాజరు అంటే హాస్టల్లో వార్డెన్ పేర్లు పిలవడం. ఇక్కడ రోజూ లెక్క సరిపోయేదాకా నిలబడాలి. ఎండైనా, మంచైనా. రాత్రి చచ్చినవాళ్లను కూడా మోసుకొచ్చి లెక్కలో పెట్టాలి. 1940 జనవరిలో గడ్డకట్టే చలిలో ఎనిమిది వందల మందికి పైగా ఖైదీలను గంటల కొద్దీ ఆ మైదానంలో నిలబెడితే వందకు పైగా ప్రాణాలు పోయాయి. అట్లా నిలబెట్టిన అధికారి పేరు రుడాల్ఫ్ హోస్. కొన్ని నెలలకే అతనికి కొత్త పోస్టింగ్ వచ్చింది, ఆష్విట్జ్ కమాండెంట్‌గా.

మైదానం అంచున ఒక దారి ఉంది. చెప్పులు పరీక్షించే దారి. కాంక్రీటు, కంకర, ఇసుక, ఇట్లా ఒక్కో ముక్క ఒక్కో రకం. తోలుకు బదులు వాడే కొత్త సరుకు ఎన్నాళ్లు ఆగుతుందో తేల్చడానికి ఖైదీల కాళ్లకు బూట్లు తొడిగి రోజుకు 30, 40 కిలోమీటర్లు నడిపించేవాళ్లు. అరిగిపోయేది మనుషులు, రిపోర్టు రాసేది బూట్ల మీద. మా కోయ అన్న ఆ దారి మీద ఒక చుట్టు నడుద్దామని మొదలుపెట్టి సగంలోనే పక్కకు వచ్చేశాడు.

ఇక అసలు సంగతి.

మ్యూజియంలో ఒక చోట ఖైదీల చొక్కాలకు కుట్టిన త్రికోణం గుడ్డల పట్టిక ఉంది. ఎర్రది రాజకీయ ఖైదీలకు. పచ్చది నేరస్తులకు. గులాబీ రంగు స్వలింగ సంపర్కులకు. ఊదా రంగు యెహోవా సాక్షులకు. యూదులకు పసుపు. నల్లది "సంఘానికి పనికిరాని వాళ్లు" అని ముద్ర వేసినవాళ్లకు. తాగుబోతులు, బిచ్చగాళ్లు, ఇల్లు లేనోళ్లు, పని చేయరని పోలీసులు అనుకున్నోళ్లు అందరూ ఆ నల్ల రంగు కిందికే. సింతీ, రోమా ప్రజలకు కూడా చాలావరకు అదే నల్ల త్రికోణం. ప్రపంచం జిప్సీలు అని పిలిచేది వాళ్లనే. గైడ్ ఆ మాట వాడలేదు. అది వాళ్లకు తిట్టు లాంటిదని చెప్పింది. మాకు వెంటనే అర్థమైంది. టౌన్‌లో "కోయోడు" అనే మాట ఎట్లా వాడతారో మనకు ఒకరు చెప్పాలా?

1938 జూన్‌లో జర్మనీ అంతటా పోలీసులు "పని దొంగలు" అంటూ పదివేల మందికి పైగా పట్టుకున్నారు. ఆరు వేల మంది వరకు ఈ ఒక్క క్యాంపుకే వచ్చారు. వాళ్లలో సింతీ, రోమా మగవాళ్లు చాలామంది. వాళ్లలో పనులున్నవాళ్లు ఉన్నారు, వ్యాపారం చేసుకునేవాళ్లు ఉన్నారు, వాద్యగాళ్లు ఉన్నారు. కోర్టు లేదు, కేసు లేదు. మరి ఎవరు పని దొంగ, ఎవరు కాదు అని ఒక్క రోజులో పోలీసులకు ఎట్లా తెలిసింది?

ఈ ప్రశ్న అడిగింది మా ఎరుకల తమ్ముడు. గైడ్ జవాబు ఒక్క మాట: రిజిస్టర్లు.

తమ్ముడు మాతో తెలుగులో మెల్లగా అన్నాడు, "మనకూ ఉండేది కదా."

హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933లో. మ్యూనిక్ పోలీసులు జిప్సీల మీద ప్రత్యేక ఆఫీసు తెరిచింది 1899లో. ఫోటోలు, వేలిముద్రలు, చుట్టరికాల వివరాలు పోగేశారు. 1905లో మూడు వేల మందికి పైగా వివరాలతో ఒక పుస్తకమే అచ్చేశారు. 1926లో బవేరియా శాసనసభ జిప్సీలను, దేశదిమ్మరులను, పని దొంగలను అణచడానికి చట్టం చేసింది. అప్పుడు జర్మనీలో ఉన్నది ప్రజాస్వామ్యం. ఎన్నికలు, పార్టీలు, పత్రికలు అన్నీ ఉన్నాయి. నాజీలు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేకుండా బీరువాలో ఫైళ్లు రెడీగా ఉన్నాయి.

మన వైపు చూడండి. క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు 1871లో వచ్చింది, మొదట ఉత్తర భారతంలో. 1911 చట్టంతో మద్రాసు రాజధానికి, అంటే మన ఆంధ్ర జిల్లాలకు కూడా చేరింది. ఎరుకలను అందులో పెట్టారు, కొన్ని చోట్ల లంబాడీ, సుగాలీలను కూడా. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్లాంటి సెటిల్‌మెంటే. స్టువర్టు అనే తెల్లదొర పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. బిడ్డ పుట్టగానే నేరస్తుడు. జర్మనీలోనూ లాజిక్ అదే. వేలిముద్రలను వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతి కూడా పుట్టింది మన కలకత్తాలోనే. హెన్రీ అనే పోలీసు దొర పేరు దానికి పడింది గానీ, లెక్కల పని చేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. 1901కి అది లండన్ చేరింది, తర్వాత యూరప్ పోలీసుల చేతికి పోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్టువర్టుపురం, సాక్సెన్‌హౌసెన్ ఒకటే అని మేం అనడం లేదు. అట్లా అంటే అక్కడ చచ్చినవాళ్లకు అన్యాయం చేసినట్టే. మనవాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు, కొట్టారు, చాకిరీ చేయించారు. కానీ జాతి మొత్తాన్నీ పిల్లాజెల్లాతో సహా చంపాలని ప్లాన్ వేయలేదు. తేడా చాలా పెద్దది. మాకు ఒకేలా కనిపించింది మొదటి మెట్టు. ఒక జనాన్ని పుట్టుకతోనే అనుమానితులని పుస్తకంలో రాసేసుకోవడం. ఆ మెట్టు తర్వాత ఎక్కడ ఆగుతుందనేది ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉందన్న దాని మీద ఆధారపడింది.

తర్వాతి ఆదివారం మేం బెర్లిన్‌లోనే మార్జాన్ అనే చోటికి పోయాం. ఇది గైడెడ్ టూర్లలో ఉండదు, మేమే వెతుక్కొని వెళ్లాం. 1936 జూలై 16 తెల్లవారుజామున, ఒలింపిక్స్ అతిథులకు కనపడకూడదని, బెర్లిన్‌లోని సింతీ, రోమా కుటుంబాలను దాదాపు 600 మందిని పట్టుకొచ్చి ఇక్కడ పడేశారు. పక్కన శ్మశానం, ఇంకోపక్క నగరం మురుగునీళ్లు పారే పొలాలు. శుభ్రత విషయంలో రోమా వాళ్ల ఆచారాలు చాలా కఠినం. అట్లాంటి వాళ్లను మురుగు పక్కన పెట్టారు. సాక్సెన్‌హౌసెన్ కట్టిందీ, మార్జాన్ పెట్టిందీ ఒకే ఎండాకాలంలో. రెండేళ్ల తర్వాత 1938 జూన్‌లో ఇక్కడి మగవాళ్లనే ఏరి సాక్సెన్‌హౌసెన్‌కు పంపారు. ఆడవాళ్లు, పిల్లలు మిగిలారు. 1943 మార్చిలో వాళ్లనూ ఆష్విట్జ్‌కు తోలారు. ఇప్పుడక్కడ శ్మశానంలో ఒక స్మారక రాయి ఉంది. మేం ఉన్న గంటలో ఇంకెవ్వరూ రాలేదు.

మార్జాన్ లాంటి చోట్లకు పోలీసులే కాదు, చదువుకున్నవాళ్లు కూడా వచ్చేవాళ్లు. డాక్టర్ రాబర్ట్ రిట్టర్, అతని దగ్గర పనిచేసిన ఎవా జస్టిన్. తలలు కొలవడం, కళ్ల రంగు రాసుకోవడం, రక్తం తీయడం, నీ అమ్మమ్మ ఎవరు, తాత ఎవరు అని వంశవృక్షాలు గీయడం. జస్టిన్‌కు వాళ్ల రోమానీ భాష వచ్చు, కాబట్టి జనం నమ్మి చెప్పారు. దాదాపు 24,000 మంది మీద "జాతి నిర్ధారణ" కాగితాలు తయారయ్యాయి. రోమా వాళ్లు మన దేశం నుంచి పోయినవాళ్లనీ, వాళ్ల భాష సంస్కృతం కుటుంబానిదేననీ రిట్టర్‌కు బాగా తెలుసు. మరి ఆర్యులమని చెప్పుకునే నాజీలకు ఇదో ఇబ్బంది కదా? దానికీ దారి వెతికాడు. ఇప్పుడున్నవాళ్లలో నూటికి తొంభై మంది రక్తం కలిసిపోయినవాళ్లు, అందుకే ప్రమాదం అని రాశాడు.

ఎవా జస్టిన్ పీహెచ్‌డీ చేసింది ముల్ఫింగెన్ అనే ఊరి అనాథాశ్రమంలోని సింతీ పిల్లల మీద. తల్లిదండ్రులను అప్పటికే క్యాంపులకు పంపేశారు. పిల్లలను మాత్రం ఆమె పరిశోధన అయ్యేదాకా ఉంచారు. పరిశోధన అయిపోయింది, పట్టా వచ్చింది. 1944 మే నెలలో దాదాపు 40 మంది పిల్లలను ఆష్విట్జ్ రైలెక్కించారు. బతికి బయటపడింది నలుగురు.

ఇది చదివి మేం చాలాసేపు మాట్లాడుకోలేదు. మన తండాలకు, గూడేలకు, పల్లెలకు ఫారాలు పట్టుకొని ఎంతమంది వస్తారు! మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ మనవాళ్ల ముక్కులు, తలలు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మన చరిత్ర రాయాలంటే ఈనాటికీ ఆ పుస్తకాలే తిరగేస్తాం. మాలో ఒకరం కూడా రేపు పీహెచ్‌డీకి మన ఊళ్లలోనే ఇంటింటికీ తిరగాల్సినవాళ్లం.

రోమా వాళ్లు మన లంబాడీలే అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల గురించి కూడా ఒక మాట. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కింద ఉత్తర భారతం నుంచి పోయారన్నది భాషా శాస్త్రంతో తేలిన సంగతి. నీళ్లను వాళ్లూ పానీ అనే అంటారు. చెవి కాన్, ముక్కు నాఖ్, మనిషి మనుష్. మా లంబాడీ ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. కానీ హిందీకీ, పంజాబీకీ కూడా ఆ మాటలు దగ్గరే. ఫలానా బంజారాలే పోయి రోమా అయ్యారనడానికి గట్టి ఆధారం లేదు. వాళ్ల మీద ప్రేమ ఉండడానికి చుట్టరికం రుజువు కావాల్సిన పనేముంది?

1942 డిసెంబర్‌లో హిమ్లర్ ఆర్డర్ ఇచ్చాక దాదాపు 23,000 మంది సింతీ, రోమాలను ఆష్విట్జ్ బిర్కెనావ్‌లో వేరే విభాగంలో పెట్టారు. చాలామంది ఆకలితో, రోగాలతో పోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి మిగిలిన వేల మందిని, ఎక్కువగా ముసలోళ్లను, ఆడవాళ్లను, పిల్లలను, గ్యాస్ గదుల్లో చంపేశారు. యూరప్ మొత్తం మీద చనిపోయిన రోమాల సంఖ్య రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా అంటారు. ఆ విభాగం హాజరు పట్టీ పుస్తకాలను అక్కడి పోలండ్ ఖైదీలు దొంగతనంగా తెచ్చి బకెట్లో పెట్టి భూమిలో పాతేశారు. 1949లో తవ్వి తీశారు. తడిసి, చెదిరిన పేజీలు. ఇవాళ ఆ మనుషుల పేర్లు మనకు తెలుస్తున్నాయంటే ఆ పుస్తకాల వల్లనే. చంపడానికి పనికొచ్చిన జాబితానే సాక్ష్యమూ అయ్యింది.

యుద్ధం అయిపోయాక న్యాయం జరిగిందా? 1956లో జర్మనీ అత్యున్నత కోర్టు ఏం తేల్చిందంటే, 1943కి ముందు వాళ్లను పట్టుకున్నది జాతి ద్వేషంతో కాదు, నేరాలు ఆపడానికి. అందుకని అప్పటి బాధలకు నష్టపరిహారం లేదు. ఆ తీర్పులో వాళ్లను ఆదిమ మానవులతో పోల్చి, పరాయి సొమ్ము మీద గౌరవం లేనివాళ్లని కూడా రాశారు. జడ్జీలు రాసిన మాట ఇది! 1963లో కొంత సవరించుకున్నారు. రిట్టర్, జస్టిన్ ఇద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో ఉద్యోగాలు చేసుకున్నారు. ఇద్దరికీ శిక్ష పడలేదు. పోలీసులు పాత ఫైళ్లు వాడుతూనే ఉన్నారు. 1980 ఈస్టర్ రోజుల్లో పన్నెండు మంది సింతీలు డాఖావ్ క్యాంపు స్థలంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. మా ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పండి, మాకు జరిగింది జాతి హత్య అని ఒప్పుకోండి అని అడిగారు. 1982లో ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ ఒప్పుకున్నాడు. చంపిన ముప్పై ఏడేళ్లకు.

మనకు మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. పేరు మారింది, స్టేషన్‌లో అనుమానం మారలేదని మన పెద్దోళ్లు చెప్తూనే ఉంటారు.

బెర్లిన్ పార్లమెంటు పక్కనే సింతీ, రోమాల స్మారకం ఉంది. 2012లో తెరిచారు. గుండ్రటి నల్లటి నీళ్ల కొలను, దాని మధ్యలో త్రికోణం రాయి. రాయి మీద ఒక పువ్వు. పువ్వు వాడిపోగానే రాయి నీళ్ల కిందికి దిగి, కొత్త పువ్వుతో మళ్లీ పైకొస్తుంది. మార్జాన్ నుంచి తిరిగొస్తూ సాయంత్రం అక్కడ ఆగాం. మా తమ్ముడు ఆ త్రికోణాన్ని చూస్తూ ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఊళ్లో అప్పటికి రాత్రయింది. వాళ్ల నాయనమ్మకు ఎనభై ఐదు దాటాయి. చిన్నప్పుడు వాళ్ల నాయన రాత్రిపూట హాజరుకు పోవడం ఆమె కళ్లారా చూసింది.

"అవ్వా, మీ నాయన పేరు పోలీసు పుస్తకంలో ఉండేదంటివి గదా, ఏం పేరు రాశారు?" అని అడిగాడు.

ఆమె నవ్వింది. "వాళ్ల నోటికి మా నాయన పేరు తిరగలేదురా. వేరే పేరేదో రాసుకున్నారు. ఆ పేరుతోనే పిలిచేవాళ్లు, మా నాయన 'హాజర్' అనేవాడు. ఇంటికొచ్చాక మా అమ్మ అసలు పేరుతో పిలిస్తే గానీ అన్నం తినేవాడు కాదు."

ఆ అసలు పేరేంటో తమ్ముడు అడిగాడు. అవ్వ చెప్పింది. మా నలుగురం ఆ పేరు ఒకసారి పైకి అన్నాం.